థ్రిల్లర్ మొదటి మూడు నిమిషాల్లో ఊపిరి బిగబట్టేలా చేసేది ఏమిటి?

గోదావరిగట్టు
అందరికీ నమస్కారం. రాజమండ్రిలో మేం నలుగురు స్నేహితులం కలిసి తొమ్మిది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. థ్రిల్లర్. మొదట చీకటి, కత్తి పట్టుకున్న ఒక చెయ్యి, మెట్ల మీద బూట్ల చప్పుడు, వెనక గుండెలదిరే ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం). దాని మీదే మా పేర్లు పడతాయి. మొన్న ఆదివారం ఇంట్లో పన్నెండు మందిని కూర్చోబెట్టి చూపించాను. నేను టీవీ వైపు చూడలేదు, వాళ్ల ముఖాలే చూశాను. రెండో నిమిషానికి ముగ్గురు ఫోన్లు తీశారు. మా పిన్ని "ఎవర్రా ఆ చెయ్యి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఓపెనింగ్ మళ్లీ తీద్దామని నిర్ణయించుకున్నాం. మొదటి సీన్‌తోనే మిమ్మల్ని కుర్చీలో కట్టిపడేసిన సినిమా ఏది? ఏ షాట్ తర్వాత ఏం వచ్చింది, మీకు ఎక్కడ టెన్షన్ మొదలైంది, వివరంగా రాస్తే మాకు చాలా ఉపయోగం.

బాలాత్రిపుర
మీ పిన్నిగారి ప్రశ్నలోనే ఉందండీ విషయమంతా. ఆ చెయ్యి ఎవరిదో తెలియదు, ఎవరి మీదికి వెళ్తోందో తెలియదు. ఇక ఆవిడ ఎవరి కోసం భయపడాలి?

నేను పదిసార్లు చూసినా అలాగే బిగుసుకుపోయి చూసే ఓపెనింగ్ ఒకటుంది. ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్'. అమెరికా, మెక్సికో సరిహద్దులో ఒక ఊరు. మొట్టమొదట కనిపించేది ఒక చేతిలోని బాంబు. దానికి టైమర్ తిప్పుతారు. ఆ మనిషి పరిగెత్తుకెళ్లి దాన్ని ఒక కారు డిక్కీలో పెట్టి మాయమవుతాడు. ఒక పెద్దమనిషి, ఒక అమ్మాయి నవ్వుకుంటూ వచ్చి అదే కారెక్కుతారు. కెమెరా ఇళ్ల కప్పుల పైకి లేచి మళ్లీ వీధిలోకి దిగుతుంది. ఎక్కడా కట్ లేదు. కారు ఆగుతుంది, కదులుతుంది, మేకలు అడ్డం వస్తాయి. ఇంతలో కొత్తగా పెళ్లయిన జంట ఒకటి నడుచుకుంటూ ఫ్రేములోకి వస్తుంది. ఆ జంట ఒకసారి కారుకు ముందు, ఒకసారి పక్కన. చెక్‌పోస్ట్ దగ్గర అందరూ ఒక్కచోటే ఆగుతారు. అధికారి తీరిగ్గా కబుర్లు చెబుతుంటాడు. కార్లో అమ్మాయి తన తలలో ఏదో టిక్‌టిక్‌మంటోందని అంటుంది, ఎవరూ పట్టించుకోరు. కారు వెళ్లిపోతుంది. ఆ జంట ముద్దు పెట్టుకోబోతుండగా పేలుడు వినిపిస్తుంది. మొదటి కట్ అప్పుడు పడుతుంది.

మొత్తం మూడు నిమిషాల పైచిలుకు. వీధిలో మామూలు జనం మామూలుగా తిరగడమే తప్ప అందులో ఇంకేమీ జరగదు. కానీ డిక్కీలో ఏముందో మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. ఆ మేకలు అడ్డం వచ్చినప్పుడు నాకైతే గట్టిగా అరవాలనిపిస్తుంది.

శబ్దతరంగం
పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో సౌండ్ మిక్సింగ్ చేస్తున్నాను. బాలాత్రిపుర గారు చెప్పిన సీన్‌కే ఇంకో సంగతి ఉంది, మీ ఫిల్మ్‌కి అది సూటిగా వర్తిస్తుంది. 1958లో విడుదలైనప్పుడు ఆ షాట్ మీద స్టూడియోవాళ్లు టైటిల్స్ వేశారు. కింద హెన్రీ మాన్సినీ సంగీతం. వెల్స్‌కు అది ఇష్టం లేదు. సినిమాలో ఏమేం మార్చాలో చెబుతూ 58 పేజీల లేఖ రాశాడు, చాలావరకు పట్టించుకోలేదు. ఆయన పోయాక, 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఆ లేఖ ప్రకారం సినిమాను మళ్లీ ఎడిట్ చేశాడు. షాట్ మీద పేర్లు తీసేశాడు, టైటిల్ సంగీతం తీసేశాడు. దాని బదులు కారు రేడియో, వీధిలో ఒక్కో క్లబ్బు గుమ్మంలోంచి వచ్చే పాటలు. కారు దూరమైతే దాని పాట సన్నగిల్లుతుంది, దగ్గరికొస్తే పెరుగుతుంది. తెర మీద కారు కనిపించకపోయినా బాంబు ఎంత దూరంలో ఉందో చెవికి తెలుస్తూనే ఉంటుంది.

రెండూ వరసగా పెట్టి వినండి. మొదటిదాంట్లో మన కళ్లు పేర్లు చదవడానికి పోతాయి. మీ పేర్లు చివర వేసుకోండి తమ్ముడూ, దయచేసి. ఆర్‌ఆర్ కూడా తగ్గించండి. ఏమీ తెలియని మనిషికి "భయపడు, భయపడు" అని సంగీతం ఎంత చెప్పినా చెవులు నొప్పి పుడతాయి, అంతే.

సంగీతంతోనే నడిచిన ఓపెనింగ్ లేదని కాదు. 1975లో 'జాస్' చూడండి. రాత్రి సముద్రంలో ఈదుతున్న అమ్మాయి, నీళ్ల అడుగు నుంచి పైకి చూసే కెమెరా, జాన్ విలియమ్స్ రెండే రెండు స్వరాలు. ఆ సీన్‌లో సొరచేప కనపడనే కనపడదు. ఆ స్వరాలే సొరచేప. అక్కడ సంగీతం మనకొక సమాచారం ఇస్తోంది, కింద ఏదో ఉంది, వస్తోంది అని.

విశాలాక్షి
నేను సినిమాలు తీసేదాన్ని కాదు, చూసేదాన్ని. విజయవాడలో థియేటర్‌కి వెళ్తే మొదటి పది నిమిషాలు ఎప్పుడూ పోయినట్టే. ఆలస్యంగా వచ్చినవాళ్ల ఫోన్ టార్చీలు, "కొంచెం కాళ్లు జరపండి", పాప్‌కార్న్ డబ్బాలు. మన సినిమాలు చాలావాటిలో కథ పావుగంట తర్వాత మొదలవుతుందని జనానికి అలవాటైపోయింది కాబోలు. 1960లో 'సైకో' వచ్చినప్పుడు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని దాని దర్శకుడు హిచ్‌కాక్ థియేటర్లకు షరతు పెట్టాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

దాని ఓపెనింగ్ కూడా చూడండి. ఊరు ఫీనిక్స్, శుక్రవారం, డిసెంబర్ పదకొండు, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు అని తెర మీద పడుతుంది. హత్య లేదు, కత్తి లేదు. భోజన విరామంలో దొంగచాటుగా కలుసుకున్న ఒక జంట. కానీ ఆ 43 నిమిషాలు అన్న లెక్క చూడగానే ఎవరో గడియారం పట్టుకుని వీళ్లను గమనిస్తున్నట్టు అనిపించింది నాకు. ఆమె ఆఫీసుకు తిరిగి వెళ్లాలి, టైమ్ అయిపోతోంది. అంత చిన్న తొందర చాలు.

గోదావరిగట్టు
మీ మాటలు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. కత్తి తీసేశాం. కొత్త ఆలోచన ఇది. వంటిల్లు. స్టవ్ మీద పాలు పొంగి మంట ఆరిపోతుంది. నాబ్ మాత్రం తెరిచే ఉంది. పక్క గదిలో బామ్మ నిద్రలేస్తుంది. కరెంట్ పోతుంది. ఆవిడ దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె వెతుక్కుంటుంది. ఎంతసేపు వెతికించవచ్చు?

ఒక్కడే
ఇప్పుడు దారిలో పడింది. కానీ చూసేవాళ్లు వెంటనే అడుగుతారు, "గ్యాస్ వాసన రాదా?" అని. లీకైతే తెలియాలనే వాసన కలుపుతారు కదా. దానికి జవాబు ముందే నాటండి. బామ్మకు జలుబు, విక్స్ రాసుకుంటోంది, అలా ఏదైనా.

ఇంకో మాట. పైన అందరూ ముందే చెప్పేయాలి అంటున్నారు. 'దృశ్యం' గుర్తు తెచ్చుకోండి. (చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి.) 2013 మలయాళం సినిమాలో మోహన్‌లాల్ కొత్త పోలీస్ స్టేషన్‌లో కూర్చుని ఉండటంతో మొదలవుతుంది. ఏమీ చెప్పడు, ఏమీ జరగదు. శవం ఆ స్టేషన్ కిందే ఉందని మనకు చివర్లో తెలుస్తుంది. అదీ గొప్ప ఓపెనింగే కదా?

బాలాత్రిపుర
గొప్పదే, కానీ దాని పని వేరు. మొదటిసారి చూసినప్పుడు మీకు అక్కడ గుండె దడ వచ్చిందా? నాకు రాలేదు, ఈయన ఇక్కడెందుకున్నాడన్న కుతూహలం వచ్చింది. రెండోసారి చూసినప్పుడు ఆయన కూర్చున్న తీరుకే వణికాను. రెండోసారికి నేలకింద ఏముందో నాకు తెలుసు మరి. హిచ్‌కాక్ ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో చెప్పిన లెక్క ఇదే. బల్లకింద బాంబు ఉందని చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు, ముందే చెబితే పదిహేను నిమిషాల సస్పెన్స్.

బామ్మ విషయంలో నా భయం ఒకటే. ఆవిడ పుల్ల వెలిగించి ఇల్లు పేలిపోయేలా మాత్రం చేయకండి. హిచ్‌కాక్ 1936లో 'సాబోటేజ్'లో ఒక పిల్లాడి చేత తెలియకుండా బాంబు మోయించి, బస్సులో పేల్చేశాడు. జనం కోపగించుకున్నారు, అది తన తప్పేనని తర్వాత ఒప్పుకున్నాడు. అంతసేపు బిగబట్టిన ఊపిరిని వదిలే చోటు ఇవ్వాలి.

శబ్దతరంగం
షూటింగ్‌లో సిలిండర్ అసలు వాడకండి. రెగ్యులేటర్ ఊడదీసి, సిలిండర్ ఇంట్లోంచి బయట పెట్టి, ఆ తర్వాతే అగ్గిపెట్టె ముట్టుకోండి. గ్యాస్ 'స్స్' శబ్దం నేను తర్వాత కలుపుతాను. కరెంట్ ఉన్నంతసేపు ఫ్యాన్, ఫ్రిజ్ చప్పుడులో అది సన్నగా వినపడాలి. కరెంట్ పోగానే ఆ రెండూ ఆగిపోతాయి. అప్పుడు ఇల్లంతా ఆ 'స్స్' ఒక్కటే మిగులుతుంది. ఆర్‌ఆర్ అక్కర్లేదు.

విశాలాక్షి
వానాకాలం పెట్టు బాబూ. అగ్గిపెట్టె చెమ్మగిల్లితే పుల్ల అంత తేలిగ్గా అంటుకోదు.

గోదావరిగట్టు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. విశాలాక్షి గారి చెమ్మగిల్లిన అగ్గిపెట్టె పెట్టాం. బామ్మకు జలుబు, మొదటి షాట్‌లోనే రెండు తుమ్ములు. మొదటి పుల్ల విరిగింది, రెండోది గీస్తే మందు రాలిపోయింది. మూడో పుల్ల తీస్తుండగా తలుపు చప్పుడైంది, పక్కింటాయన వాసన పట్టి వచ్చాడు. (ఆయన ఎవరన్నదే మా కథ, అది చెప్పను.) మొత్తం రెండు నిమిషాల పది సెకన్లు. పేర్లు చివర వేశాం.

అదే పన్నెండు మందికి మళ్లీ చూపించాను. రెండో పుల్ల దగ్గర మా పిన్ని "వద్దే, గియ్యకే!" అని పైకి అరిచింది. ఎవరి ఫోనూ బయటికి రాలేదు.

పుల్ల గీసే చప్పుడు మాత్రం పలచగా వచ్చింది. శబ్దతరంగం గారూ, ఫైల్ పంపితే ఒకసారి వింటారా?

శబ్దతరంగం
పంపండి. హెడ్‌ఫోన్‌లో ఒకసారి, మామూలు టీవీ స్పీకర్‌లో ఒకసారి విని చెబుతాను. గ్యాస్ శబ్దం ట్రాక్ విడిగా పంపడం మర్చిపోకండి.