టేకు చీలుస్తుంటే చెక్క వెనక్కి తంతున్నది: లోకల్ టేబుల్ సాకు ఏమేం బిగించాలె?

చిత్రిక_కుషాయిగూడ

అందరికీ నమస్తే. చిన్న ఫర్నిచర్ షాపు, ముగ్గురు పనోళ్లు. టేబుల్ సా (బ్లేడు టేబుల్‌లోంచి పైకి తేలి ఉండే రంపం మిషన్) లోకల్‌గ చేయించింది. యాంగిల్ స్టాండు, మీద 8 ఎంఎం ప్లేటు, 3 హెచ్‌పీ త్రీఫేజ్ మోటరు, బెల్టు, 12 ఇంచుల 60 పళ్ళ కార్బైడ్ బ్లేడు. బ్లేడు కిందికి మీదికి జరగదు, ఎప్పుడూ 4 ఇంచులు బయటికే ఉంటది. గార్డు లేదు, బ్లేడు వెనక ఏమీ లేదు. చెక్కను ఆనించి తోసే గైడు అంటే ఒక యాంగిల్ ముక్క, రెండు సీ క్లాంపులు.

5 ఇంటు 2.5 ఇంచుల టేకు సైజులు చీలుస్తుంటే సగం పోయినంక చెక్క బ్లేడును పట్టేస్తది. మోటరు మూలుగుతది, ఒక్కోసారి సైజు మొత్తం వెనక్కి తన్నుకొస్తది. ప్లై చిన్న ముక్కలు గూడ ఎగిరొస్తున్నయి. కొత్త మిషన్‌కు ఇప్పుడు పైసల్లేవు. పనోళ్లకు గ్లోవ్స్ కొనిద్దామనుకుంటున్న. దీనికే ఇంకేం బిగిస్తే చేతులు భద్రంగ ఉంటయి? ఇంకోటి, కరెంటు పోయి వస్తే మిషన్ దానంతట అదే తిరుగుడు మొదలుపెడుతున్నది.

బాడిస_ఉలి

అన్నా, గ్లోవ్స్ వద్దు. తిరిగే బ్లేడు దగ్గర అవి వేలిని కాపాడవు. గుడ్డ పోగు ఒక్కటి పంటికి చిక్కినా చేతిని లోపలికి గుంజేస్తుంది. పొడుగు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు, మణికట్టుకు దారాలు, కడియం కూడా అంతే ప్రమాదం. చెక్క మోయడానికి, బ్లేడు మార్చడానికి మాత్రం గ్లోవ్స్ వేసుకోండి.

మీ మిషన్‌కు ముందుగా కావాల్సింది రివింగ్ నైఫ్, అంటే బ్లేడు వెనక నిలబడి, చీలిన సందు మూసుకోకుండా ఆపే స్టీల్ పలక. ఎందుకంటే బ్లేడు ముందు వైపు పళ్ళు చెక్కను టేబుల్‌కేసి కిందికి నొక్కుతాయి, వెనక వైపు పళ్ళు పైకి లేస్తుంటాయి. టేకులో లోపలి బిగువు ఉంటుంది, సరిగా ఆరకపోతే మరీ ఎక్కువ. చీలగానే రెండు ముక్కలూ దగ్గరికి మూసుకుని ఆ వెనక పళ్ళను పట్టుకుంటాయి. ఆ పళ్ళు చెక్కను లేపి మనిషి మీదికి విసురుతాయి. 12 ఇంచుల బ్లేడు 3,600 ఆర్‌పీఎంలో తిరిగితే పంటి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. చెక్కను నొక్కి పట్టిన చేయి కూడా అదే ఊపులో బ్లేడు మీదికి పోతుంది. చేయి జారకపోయినా వేళ్లు పోయేది ఇలాగే.

బ్లేడు పైకి కిందికి జరిగే మిషన్లలో నైఫ్ కూడా దానితోపాటే జరగాలి, అందుకే అక్కడ తయారీ కష్టం. మీ బ్లేడు కదలదు కాబట్టి ఫ్రేముకు ఒకేచోట బిగించిన నైఫ్ సరిపోతుంది. కొలతలు ఇవి:

బ్లేడు మీద 3.2/2.2 లాంటి అంకెలుంటాయి. మొదటిది కోత వెడల్పు, రెండోది బ్లేడు రేకు మందం. నైఫ్ మందం ఆ రెండింటి మధ్య ఉండాలి, అంటే 2.5 నుంచి 2.8 ఎంఎం. కోత కంటే మందమైతే చెక్క ముందుకు పోదు, రేకు కంటే పలచనైతే చెక్క మూసుకోవడం ఆగదు. బ్లేడుకు, నైఫ్‌కు మధ్య ఖాళీ 3 నుంచి 8 ఎంఎం. 12 ఇంచుల బ్లేడు వ్యాసార్థం 152.5 ఎంఎం, అందుకని లోపలి వంపును 157.5 వ్యాసార్థంతో గీయించండి, చుట్టూ 5 ఎంఎం ఖాళీ వస్తుంది. నైఫ్ కొన బ్లేడు పై పంటికి 2, 3 ఎంఎం కిందికి ఉండాలి. జీఐ రేకు వద్దు, వంగిపోతుంది. గట్టి స్టీల్ షీటు తీసుకెళ్లి బాలానగర్‌లో లేజర్ కటింగ్ చేయించండి. బ్లేడు వైపు అంచును రెండు పక్కలా కొద్దిగా ఏటవాలుగా రుద్దాలి.

బిగింపు బ్లేడు షాఫ్టు బేరింగులు కూర్చున్న ఫ్రేముకే, టేబుల్ ప్లేటుకు కాదు. ఒక్క బోల్టయితే నైఫ్ తిరిగిపోతుంది, అందుకని స్లాటులో రెండు 8 ఎంఎం బోల్టులు. బిగించాక ఎంసీబీ దించి, నిటారు స్కేలును బ్లేడు రేకుకు ఆనించి వెనక్కి జరపండి, స్కేలు పళ్ళకు తగలకుండా వాటి మధ్య గుంతలోంచి పోనివ్వండి. 3.2/2.2 బ్లేడుకు 2.8 నైఫ్ పెడితే రేకు కంటే ఒక్కో పక్క 0.3 మాత్రమే బయటికి రావాలి. ఒక పక్క ఎక్కువ వస్తే వాషర్ వేసి సర్దండి. తర్వాత బ్లేడును చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలట్లేదని చూశాకే ఆన్ చేయండి.

60 పళ్ళ బ్లేడు కూడా మార్చండి. అది ప్లైకి. మందం టేకు నిలువుగా చీల్చడానికి 24 నుంచి 30 పళ్ళది కావాలి. పళ్ళ మధ్య గుంత పెద్దదైతే పొట్టు బయటికి పోతుంది, చెక్క కాలదు, తోయడానికి బలం తక్కువ చాలు. బలంగా తోసే చేయే జారేది.

గుంటక_నాచారం

నైఫ్ మాట నిజం. కానీ గైడు ఇట్లనే ఉంటే నైఫ్ పెట్టినా ఫాయిదా లేదు. సీ క్లాంపులతో పట్టిన యాంగిల్ వెనక కొస బ్లేడు దిక్కు అర ఎంఎం వంగినా చెక్క ఇరుకుతది. బ్లేడుకు ఒక పంటి మీద మార్కర్‌తో గుర్తు పెట్టున్రి. ఆ పన్ను ముందుకు తెచ్చి గైడుకు దూరం కొలవున్రి, అదే పన్నును వెనక్కి తిప్పి మళ్ల కొలవున్రి. వేరే పన్నుతో కొలిస్తే లెక్క తప్పుతది. రెండూ సమానం రావాలె, లేకుంటే వెనక 0.1, 0.2 ఎంఎం ఎక్కువ రావాలె. తక్కువ మాత్రం రావొద్దు.

టేకుకు ఇంకో పని చేయున్రి. గైడుకు 18 ఎంఎం ప్లై పట్టీ అదనంగ బిగించి, బ్లేడు మధ్య దాకనే రానిచ్చి ఆపున్రి. కోసిన ముక్కకు అవతల తెరుచుకునే జాగ దొరుకుతది. ప్లైకి మాత్రం గైడు పొడుగు మొత్తం కావాలె.

ప్లై ముక్కలు ఎగురుతున్నయంటే పొడుగు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న ముక్కను గైడుకు ఆనించి అడ్డకోత కోస్తున్నరన్నట్టు. అట్ల ముక్క ఇసుమంత తిరిగినా బ్లేడు వెనక పళ్ళు ఎత్తేస్తయి. అడ్డకోతకు స్లెడ్ చేయున్రి, అంటే ముక్కను మీద పెట్టుకొని బ్లేడు దిక్కు జరిపే ప్లై పీట. ఒకే సైజు ముక్కలు చాన కావాలంటే, బ్లేడుకు ముందే ఆగేటట్టు గైడుకు ఒక దిమ్మె కట్టి కొలత దానితోటి పట్టున్రి.

బ్లేడు 4 ఇంచులు బయట ఉండి 18 ఎంఎం ప్లై కోసుడు చాన ప్రమాదం. 75 ఎంఎం ఎత్తు ప్లై పెట్టె చేసి, బ్లేడుకు, నైఫ్‌కు సందు కోసి, టేబుల్ మీద రెండో టేబుల్ లెక్క నాలుగు బోల్టులతో బిగించున్రి. అప్పుడు బ్లేడు ఇంచు మాత్రమే బయట ఉంటది. గైడు ఆ పెట్టె మీదనే పట్టాలె.

గైడుకు, బ్లేడుకు మధ్య 6 ఇంచుల కంటే తక్కువుంటే చేయి పోవద్దు, తోపుడు కర్రతోనే తోయాలె. తోసేది గైడు దిక్కు ముక్కను, బయట ముక్కను కాదు. నిలబడేది బ్లేడు గీతకు పక్కన. మన షాపులల్ల హెల్పర్ వెనక నిలబడి చెక్కను గుంజుతడు, అది బంద్ చేయించున్రి. ముందున్నోని చేయి చెక్క మీదనే ఉండంగ వాడు గుంజితే ఆ చేయి బ్లేడు మీదికి పోతది. వెనక అదే ఎత్తుల ఒక టేబుల్ పెడితే హెల్పర్‌తో పనే లేదు.

త్రీఫేజ్_మౌలాలి

కరెంటు విషయం. మీకు మామూలు స్విచ్ గానీ ఎంసీబీ గానీ నేరుగా ఉన్నట్టుంది. డీఓఎల్ స్టార్టర్ (పచ్చ, ఎర్ర బటన్లుండే మోటరు స్టార్టర్ డబ్బా) పెట్టండి. కరెంటు పోగానే దాని కాయిల్ వదిలేస్తుంది, తిరిగొచ్చినా పచ్చ బటన్ నొక్కితే తప్ప మిషన్ తిరగదు. మోటరు మీద భారం ఎక్కువైతే ఆపేసే ఓవర్‌లోడ్ రిలేను మోటరు ప్లేటు మీద రాసిన ఆంప్స్‌కు పెట్టండి, 3 హెచ్‌పీకి దాదాపు 5 ఆంప్స్ ఉంటుంది. ట్రిప్ అవుతోందని రిలే పెంచొద్దు, చెక్క ఎక్కడ ఇరుకుతోందో చూడండి. పుట్టగొడుగు ఆకారం ఎర్ర బటన్‌ను స్టాప్ వైరుకు సిరీస్‌లో కలిపి, మోకాలితో నొక్కేలా టేబుల్ ముందు బిగించండి, రెండు చేతులూ చెక్క మీద ఉన్నా ఆపొచ్చు. ఇవన్నీ ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి.

స్తంభం దగ్గర గానీ మీటర్ దగ్గర గానీ లైను పని జరిగితే, ఆ రోజు చెక్క పెట్టకముందు ఒక్కసారి ఆన్ చేసి బ్లేడు ఎటు తిరుగుతోందో చూడండి. రెండు ఫేజులు తారుమారైతే త్రీఫేజ్ మోటరు ఉల్టా తిరుగుతుంది, బ్లేడు నట్టు వదులయ్యే ప్రమాదం కూడా ఉంది.

చిత్రిక_కుషాయిగూడ

చాన థ్యాంక్స్ అన్నా. బ్లేడు మీద 3.2/2.2 అనే ఉన్నది. సైటు మీద మావోళ్లు మార్బుల్ కట్టర్‌ను ప్లై కింద ఉల్టా బిగించి, చెక్క బ్లేడు ఎక్కించి వాడుతరు. దానికి గూడ నైఫ్ పెట్టొచ్చా? వేలు తగిలితే ఆగే మిషన్లు ఉన్నయంటరు, ఆ బ్రేక్ దీనికి పెట్టొచ్చా?

బాడిస_ఉలి

మార్బుల్ కట్టర్‌ను అలా వాడటం మాన్పించండి, దాన్ని బాగుచేసే దారి లేదు. అది రాయి కోసే పళ్ళు లేని డిస్కు కోసం చేసింది. ఖాళీగా 12 వేల ఆర్‌పీఎం చుట్టుపక్కల తిరుగుతుంది, నైఫ్ బిగించే చోటు ఉండదు, స్విచ్ లాక్ చేసి టేబుల్ కింద ఉంటే ఆపడానికి చేయి వెతుక్కోవాలి. సైటుకు చేత్తో పట్టి నడిపే 7 ఇంచుల సర్క్యులర్ సా తీసుకోండి. ప్లైని నేల మీద థర్మాకోల్ షీటుపై పరిచి, పైన నిటారు పట్టీ రెండు క్లాంపులతో కట్టి, దాని వెంట సాను నడపాలి. కింది గార్డు స్ప్రింగుతో మూసుకోవాలి, దాన్ని తాడుతో కట్టేయనివ్వకండి.

వేలు తగిలితే ఆగే మిషన్ అని మీరంటున్నది సాస్టాప్ అనే కంపెనీ టేబుల్ సా లాంటిది. వేలు తగలగానే 5 మిల్లీసెకండ్లలో అల్యూమినియం దిమ్మె బ్లేడులోకి దూసుకెళ్లి ఆపేస్తుంది. ఆ ఏర్పాటు మిషన్‌తో పుట్టాలి, మీ దానికి తర్వాత పెట్టలేం. చెక్క వెనక్కి తన్నడాన్ని అది కూడా ఆపదు, దానికీ నైఫ్ ఉంటుంది.

గుంటక_నాచారం

గోడకు ఒక కాగితం అంటించున్రి: వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగ ఒత్తి పట్టి, చేయి గుండెకంటే ఎత్తుల ఉంచి 108కి ఫోన్. పసుపు, కాఫీ పొడి పెట్టొద్దు. తెగిన ముక్కను తడి గాజుగుడ్డల చుట్టి, గాలి పోని ప్లాస్టిక్ కవర్ల వేసి, ఆ కవర్‌ను ఐసు నీళ్లల్ల పెట్టాలె. ముక్కను నేరుగ ఐసు మీద పెడితే కణాలు చచ్చిపోతయి, మళ్ల అతకదు. నిమ్స్, ఉస్మానియాల ప్లాస్టిక్ సర్జరీ ఉన్నది. బయల్దేరంగనే ఫోన్ చేసి, వేలు అతికే డాక్టర్ అప్పుడు ఉన్నరా అని అడిగి పోవాలె.