కొన్న ప్యాటర్న్‌తో అల్లిన బొమ్మలు అమ్మవచ్చా?

హనుమకొండ సభ్యురాలు:
కుందేలు బొమ్మను క్రోషియాతో ఎలా అల్లాలో వరుసవారీగా రాసిన ప్యాటర్న్ డబ్బిచ్చి కొన్నాను. నేను అల్లినవి చూసి చాలామంది కొంటామంటున్నారు. అమ్మడం తప్పా? ఆ ప్యాటర్న్‌ను తెలుగులోకి మార్చి మా వాట్సాప్ బృందంలో పెట్టమని కూడా అడుగుతున్నారు.

కరీంనగర్ సభ్యురాలు:
దారం మనది, శ్రమ మనది. ఇందులో తప్పేముంది అక్కా? ఆరు కుట్లతో మొదలుపెట్టి వరుసకు ఆరు చొప్పున పెంచి, మళ్లీ అలాగే తగ్గిస్తే గుండ్రని తల వస్తుంది. అది ఎవరి సొత్తు? బొమ్మలూ అమ్మండి, ప్యాటర్నూ పంచండి.

కాజీపేట సభ్యురాలు:
ఆ రెండింటినీ ఒకే గాటన కట్టవద్దు చెల్లీ. కుట్లు పెంచే పద్ధతి ఎవరి సొత్తూ కాదు, నిజమే. 1957 నాటి కాపీరైట్ చట్టం కూడా పద్ధతికి కాదు, దాన్ని రాసిన తీరుకు రక్షణ ఇస్తుంది. ప్యాటర్న్‌లోని మాటలు, పటాలు, ఫొటోలు రాసినవారివే. అనువదించే హక్కూ వారిదే. అడగకుండా తెలుగులో పెట్టి పంచడం వారి కూలి ఎగ్గొట్టడమే. చెవులు ఎన్నో వరుసలో కుట్టాలి, ముక్కు ఎంత కిందికి దిగితే అది కుందేలులా కనిపిస్తుంది, మెడ వాలకుండా దూది ఎంత దట్టించాలి, ఇవి తేలేదాకా ఎన్నిసార్లు అల్లి విప్పి ఉంటారో మనకు తెలియదా? మన వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలకు, అంటే నూలు జంపఖానాలకు, 2018లో ‘వరంగల్ దర్రీలు’ పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన నేతగాళ్ల పేరును ఇతరులు వాడుకోకూడదని కోరే మనం, ఎక్కడో ఉన్న అల్లికదారు పనిని ఎలా తీసుకుంటాం?

బొమ్మల అమ్మకం వేరు. తమ పేరు చెబితే చాలు, చేత్తో అల్లినవి కొద్దిగా అమ్ముకోవచ్చని చాలామంది ప్యాటర్న్‌లోనే రాస్తారు. కొందరు వద్దంటారు. ఆ షరతు చదవండి, కనిపించకపోతే వారినే అడగండి. కార్టూన్ పాత్రలైతే మాత్రం ప్యాటర్న్ కొన్నంత మాత్రాన పాత్ర మీద హక్కు రాదు.

కరీంనగర్ సభ్యురాలు:
అనువాదం సంగతి ఒప్పుకుంటాను. మరి ఇంగ్లీషు రానివాళ్లు ఏం చేయాలి? మా వీధిలో చేయి తిరిగిన వాళ్లున్నారు, కానీ ఒక్క ప్యాటర్న్ కూడా చదవలేరు.

కాజీపేట సభ్యురాలు:
వాళ్లకోసం మనమే తెలుగులో రాద్దాం. ఏనుగుతో నేను మొదలుపెడతాను. తలకు ఆరు కుట్లు వేసి, వరుసకు ఆరు చొప్పున 36 దాకా పెంచాలి. ఆరు వరుసలు అలాగే అల్లి, పెంచిన లెక్కలోనే తగ్గించాలి. మూడేళ్లలోపు పిల్లలకైతే పూసలు వద్దు, కళ్లు దారంతోనే కుట్టాలి. తొండం మీరు అల్లి చూసి, వరుసల లెక్క ఇక్కడ రాయండి.