ఫైన్ అంటే మెప్పా, ‘పర్లేదు’ అనా?

ప్రశ్న: నా రిపోర్టు చూసి మేనేజరు గారు ‘ద రిపోర్ట్ ఈజ్ ఫైన్’ అని రాశారు. నిఘంటువు తీస్తే శ్రేష్ఠమైన అని ఉంది. పొంగిపోవచ్చా?

జవాబు: ఆగండి. నామవాచకానికి ముందొస్తేనే మెప్పు. ‘ఎ ఫైన్ రిపోర్ట్’ అని ఉంటే నిక్షేపంగా పొంగిపోవచ్చు. చివర ‘ఈజ్ ఫైన్’ అని వచ్చిందంటే అచ్చంగా మన ‘పర్లేదు’. మార్చక్కర్లేదు, అంతే.

ఇంకో తిరకాసుంది. ‘ఇంకొంచెం కాఫీ?’ అన్నప్పుడు ‘ఐయామ్ ఫైన్’ అంటే పొయ్యమని కాదు, చాలు వద్దు అని. ఇక ‘ఫైన్!’ అని ఒక్క ముక్క విసురుగా వచ్చిందా, అది ‘సరే, నీ ఇష్టం!’ అని మూతి ముడుచుకోవడం. నిఘంటువు ఆ గొంతు ఎక్కడ చూపిస్తుంది!

మరొకరు: జరిమానా ఫైన్ వేరే మాట కదండీ? నిఘంటువులో రెండూ విడివిడిగా ఉంటాయి.

జవాబు: విడిగా ఉన్నా మూలం ఒకటే. లాటిన్‌లో ‘ఫీనిస్’ అంటే ముగింపు, హద్దు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. తుదిమెరుగు దాకా వెళ్ళిన వస్తువు మేలైనదైంది, దాన్నుంచే నాజూకు, సన్నదనం అన్న అర్థాలూ పుట్టాయి. ఒప్పందం కాగితం అడుగున కళ్ళు చికిలిస్తే గానీ కనపడని అక్షరాలుంటాయే, ఆ ‘ఫైన్ ప్రింట్’ ఈ కోవలోదే. మరోపక్క తగవు తెంచుకోడానికి కట్టే సొమ్ము జరిమానా అయింది. ఫినిష్, ఫైనల్ సరే, ఫైనాన్స్ కూడా వీళ్ళ చుట్టమే: మొదట్లో దాని అర్థం బాకీ తీర్చి లెక్క ముగించడం.

ఇంకొకరు: మన ‘దండుగ’ గుర్తొచ్చింది. దండం నుంచి వచ్చిన మాట, పాత అర్థం జరిమానాయే. ఇప్పుడేమో ఉత్త వృథా ఖర్చు. ‘జరిమానా’ పారసీ సరుకు.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘ఇట్ వర్క్స్ ఫైన్లీ’ అనొచ్చా?

జవాబు: వద్దండీ. బాగానే పనిచేస్తోంది అనడానికి ‘వర్క్స్ ఫైన్’ చాలు. ‘ఫైన్లీ’ ఎక్కువగా సన్నగా తరగడం, మెత్తగా పొడి కొట్టడం లాంటి చోట్ల వాడతారు. ‘ఫైన్లీ చాప్డ్’ అంటే సన్నగా తరిగినవి, బాగా తరిగినవి కాదు.