కరయీవాకి లాంగ్ వీకెండ్ సరిపోతుందా?

సావోపాలో శీను: ఏప్రిల్ 21న ఇక్కడ బ్రెజిల్‌లో తిరదెంతిస్ (స్వాతంత్ర్య వీరుడు) పేరిట ఇచ్చే సెలవు కలుపుకుని మా ఆవిడా నేనూ ఎటైనా వెళ్దామని. బహియా రాష్ట్రం దక్షిణ తీరంలో కరయీవా అనే చిన్న ఊరు చూశా. ఏరు పడవలో దాటాలి, కార్లు లోపలికి రావు, వీధులన్నీ ఇసుకే. పోర్తో సెగూరో దాకా ఫ్లైట్, ఆపైన రోడ్డు. ఇంత చిన్న సెలవుకి వెళ్లొచ్చా, లేక పరాచీ మేలా?

గోదారి బుల్లోడు: వద్దు బ్రో. సగం సెలవు దార్లోనే పోతుంది. పరాచీకైతే బస్సెక్కితే చాలు. 2019లో యునెస్కో జాబితాకెక్కిన ఊరు. పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్లు పాత వీధుల్లోకి వచ్చిపోతాయి, చూసి తీరాలి.

మనోజ్ఞ: పరాచీలో సెలవు రోజున జనాన్నే చూస్తారు. కరయీవాకి 2007 దాకా కరెంటే లేదు. వచ్చాక కూడా తీగలు భూమిలోనే పూడ్చారు, వీధి దీపాలు పెట్టలేదు. చీకటి పడ్డాక బయట కూర్చోండి చాలు.

గోదారి బుల్లోడు: కూర్చుంటారు సరే, సూట్‌కేసు సంగతి? పడవ దిగాక ఇసుకలో చక్రాలు తిరగవు. గాడిద బండి మాట్లాడుకోవాలి.

చిన్నా: బ్యాక్‌ప్యాక్ అని ఒకటుంది అన్నా 😀

గోదారి బుల్లోడు: భార్యతో వెళ్లి చూడు, బ్యాక్‌ప్యాక్ ఎంతవరకు సరిపోతుందో తెలుస్తుంది.

పప్పుచారు: వెజ్ దొరుకుతుందా?

మనోజ్ఞ: కర్రపెండలం పిండితో పెనం మీద అట్టులా వేసి, చీజ్ పెట్టి మడిచిస్తారు, తపియోకా అంటారు. బీన్స్‌లో మాత్రం మాంసం ఉందేమో అడిగి తినండి. మీనుతో ఇబ్బంది లేకపోతే అక్కడి టేకు చేప (స్టింగ్‌రే) పాస్తెల్, అంటే కూరి నూనెలో వేయించిన కజ్జికాయలాంటిది, వదలొద్దు.

పాతచరిత్ర: ఆ దగ్గర్లోని మోంచి పాస్కోల్ కొండే 1500 ఏప్రిల్ 22న పోర్చుగీసు నావికుడు కబ్రాల్ ఓడలకి ముందు కనబడింది. ఆయన బయల్దేరింది మన కాలికట్‌కి!

గోదారి బుల్లోడు: చరిత్ర తర్వాత. మేం వెళ్లినప్పుడు వాన. మట్టి రోడ్డు మీద బండి దిగబడింది, దిగి తోశాం. ఇంటికొచ్చేదాకా మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

మనోజ్ఞ: ఆవిణ్ణి అడిగే బుక్ చేశారా?

గోదారి బుల్లోడు: అది మీకనవసరం.

మనోజ్ఞ: అవసరమే. మా ఆయనా ఇంతే. చూడాల్సినవి రాసుకొస్తాడు, తెల్లారకుండా లేపుతాడు. ఒక్క పూట ఊరికే ఉందామంటే మొహం మాడ్చుకుంటాడు.

గోదారి బుల్లోడు: ఊరికే ఉండటానికి ఇల్లు లేదా? రేపు కంపెనీ ఇండియాకి రమ్మంటే మళ్లీ ఈ దేశం మొహం చూస్తామా? అన్నీ నేనే చూసుకుని, డబ్బు పెట్టి, చివరికి మాట పడేదీ నేనే.

మనోజ్ఞ: డబ్బు పెడితే ఆవిడ సెలవు కూడా మీదైపోతుందా?

చిన్నా: శీనన్నా, ఉన్నావా?

సావోపాలో శీను: ఉన్నా. మా ఆవిడకి చదివి వినిపించా. కరయీవాయే ఖాయం. తను ఆ కొండెక్కాలంటోంది, అక్కడి ఆదివాసులు పటాషోవాళ్లు దగ్గరుండి తీసుకెళ్తారట. నేనైతే ఒడ్డున పడుకుందామనే అనుకున్నా. మనోజ్ఞగారూ, ఇప్పుడు తప్పు ఎవరిదండీ?