పుట్టబోయే బిడ్డకు ‘మోర్గన్’ అనే వెల్ష్ పేరు: ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా సరిపోతుందా?

కార్డిఫ్ కోడలు:
అందరికీ నమస్కారం. మేమిద్దరం ఏలూరు వాళ్ళమే. ఉద్యోగరీత్యా బ్రిటన్‌లో భాగమైన వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో స్థిరపడ్డాము. కార్తిక మాసంలో మాకు తొలి సంతానం కలగబోతున్నది. మన దేశంలో 1994 నాటి చట్టం ప్రకారం కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదు; ఇక్కడ అడిగితే చెబుతారు, కాని మేము అడగలేదు. అందుకే ఎవరు పుట్టినా పెట్టగలిగిన పేరు కోసం వెతికి, బిడ్డ పుట్టబోయే నేలకు చెందిన ‘మోర్గన్’ను ఎంచుకున్నాము. కార్డిఫ్ చుట్టుపక్కల సీమకు గ్లామోర్గన్ అన్న పేరు కూడా మోర్గన్ అనే రాజు వల్లనే వచ్చింది. అత్తగారికి మాత్రం మనసొప్పడం లేదు. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

ఏలూరు రమణ:
అమ్మా, మీ ఊరివాణ్ణే కనుక చనువుగా చెబుతున్నాను, ఈ ఆలోచన మానుకోండి. నా పేరు రమణ. తిరుమల వేంకటరమణుడి పేరని మా తాతగారు ముచ్చటపడి పెట్టారు. డిగ్రీలో చేరినప్పుడు కళాశాల గుమాస్తా ఆ పేరు చూసి నన్ను ఆడపిల్లల వసతిగృహం జాబితాలో చేర్చాడు. జాబితాను ఆ రోజే దిద్దారు గాని, చదువు ముగిసేదాకా తోటివాళ్ళు నన్ను ‘రమణమ్మ’ అని పిలవడం మానలేదు. పేరు వినగానే ఆడో మగో తెలియాలి. రేపు పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు, రైలు టిక్కెట్టు, ఎక్కడికి వెళ్ళినా మీ బిడ్డ సంజాయిషీ చెప్పుకోవలసిందేనా?

తెనాలి కుర్రాడు:
పుబ్బ నక్షత్రం మొదటి పాదంలో పుడితే ‘మో’ అక్షరం సరిగ్గా కుదురుతుందండీ.

స్వాన్సీ మాస్టారు:
చాలా ఏళ్ళుగా వేల్స్‌లో ఉంటూ వెల్ష్ భాష నేర్చుకున్నవాడిగా ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. మోర్గన్ వెల్ష్ పేరన్నది నిజం. ఇరువురికీ చెల్లుతుందన్నది మాత్రం అమెరికా నుంచి వచ్చిన మాట. దీని పాత రూపం మోర్కంట్. 974లో మరణించిన మోర్గన్ హెన్ అనే రాజు మొదలుకొని వేల్స్‌లో ఇది పురుషుల పేరే. తండ్రి పేరుకు ముందు ‘అప్’ చేర్చి చెప్పుకొనే పాత పద్ధతి పోయి స్థిరమైన ఇంటిపేర్లు వచ్చాక ఇది ఇంటిపేరూ అయింది. 2024లో వేల్స్ ప్రభుత్వానికి నాయకత్వం వహించిన మొదటి మహిళ ఎలునెడ్ మోర్గన్ గారికి ఉన్నది ఆ ఇంటిపేరే. అమెరికాలో 1990ల నాటికి ఇది ఆడపిల్లలకు విరివిగా పెట్టే పేరు. రీస్ అనే మగపేరుకూ, కొండ అని అర్థం వచ్చే బ్రిన్‌కూ అక్కడ అదే జరిగింది. మీ పక్కింటి వెల్ష్ ముసలావిడను అడిగి చూడండి, మోర్గన్ అంటే మనుమడనే అనుకుంటుంది.

కార్డిఫ్ కోడలు:
మాస్టారుగారూ, ధన్యవాదాలు. రమణగారూ, మీరు చెప్పిన కాగితాల్లో చాలావాటిలో ఆడా మగా రాయడానికి వేరే గడి ఉంటుంది కదా. ఆ పని పేరు చేయనవసరం లేదు.

నాగావళి:
రమణగారి వాదన న్యాయస్థానం దాకా వెళ్ళి ఓడిపోయింది. జర్మనీలో భారతీయ మూలాలున్న ఒక కుటుంబం తమ ఆడపిల్లకు ‘కిరణ్’ అని పేరు పెట్టుకుంటే, ఆ పేరు వల్ల ఆడపిల్ల అని తెలియదంటూ అధికారులు నమోదు చేయలేదు. 2008 డిసెంబరులో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం తల్లిదండ్రుల పక్షాన తీర్పు చెప్పింది. పేరు లింగాన్ని తెలపాలన్న నియమం చట్టంలో లేదని, బిడ్డ క్షేమానికి భంగం కలిగితే తప్ప తల్లిదండ్రుల ఎంపికను కాదనరాదని ఆ తీర్పు సారాంశం. బ్రిటన్‌లో ఇలాంటి నిబంధన అసలే లేదు.

ఏలూరు రమణ:
న్యాయమూర్తులు వసతిగృహానికి వచ్చి తోటివాళ్ళ నోళ్ళు మూయించరు.

వరంగల్ వనజ:
ఆర్థర్ రాజు కథల్లో మోర్గన్ ఆడమనిషే కదా? అప్పుడు వేల్స్‌లోనూ ఇది ఆడపేరు అయినట్టే.

స్వాన్సీ మాస్టారు:
కాలేదు. ఆ కథల్లోని ఆమెకు మూలం వేరు. సుమారు 1150లో జెఫ్రీ ఆఫ్ మన్మత్ రచించిన లాటిన్ కావ్యంలో ఆపిల్ పండ్ల దీవిని ఏలే తొమ్మిదిమంది అక్కచెల్లెళ్ళలో పెద్దామె, వైద్యం తెలిసిన స్త్రీ ఉన్నది. ఆమె పేరు ‘మోర్గెన్’. ఆ పేరు పుట్టుక వేరు, మోర్కంట్ పుట్టుక వేరు. తరువాతి కథకులు రెంటినీ కలిపివేశారు. ఆ ఒక్క అక్షరాన్ని విస్మరించి ప్రాచీన వేల్స్‌లో స్త్రీలకు ఈ పేరున్నదని చెప్పడం సరికాదు.

కార్డిఫ్ కోడలు:
ఒక సంగతి చెబుతాను. మాస్టారుగారు రాసినది రాత్రి ఫోనులో అత్తగారికి చదివి వినిపించాను. వేల్స్‌లో ఇది మగవాళ్ళ పేరని తెలియగానే ఆవిడ మెత్తబడ్డారు. “అలా అయితే పెట్టుకోండి, ఆడపిల్ల పుట్టినా మగరాయుడిలా పెరుగుతుంది” అన్నారు. ఇంట్లో చిక్కు తీరినట్టే ఉన్నది.

నాగావళి:
తీరలేదమ్మా, అసలు చిక్కు ఇప్పుడే బయటపడింది. ఇంతసేపూ మనం కాగితాల గురించి, ఒక అక్షరం గురించి వాదించుకున్నాము. మీ అత్తగారు ఒప్పుకొన్నది ఇరువురికీ చెల్లే పేరుకు కాదు, ఆడపిల్లకు మగపేరు పెట్టడానికి. ఎవెలిన్, ఆష్లీ, షిర్లీ ఒకప్పుడు ఇంగ్లండులో మగపేర్లు. ఆడపిల్లలకు పెట్టడం పెరిగేకొద్దీ మగపిల్లలకు పెట్టడం మానేశారు. అటునుంచి ఇటు వచ్చిన పేర్లు ఎన్నో ఉన్నాయి, ఇటునుంచి అటు వెళ్ళినవి నాకు కనిపించలేదు. మన ఇళ్ళలోనూ అంతే. కూతుర్ని ముద్దుగా ‘ఏరా, నాన్నా’ అంటాము, ఆ పిల్ల మురిసిపోతుంది. కొడుకును ‘ఏమే’ అని పిలిచి చూడండి, ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు.

మా ఇంట్లో నేను మూడో ఆడపిల్లను. కొడుకు కోసం సిద్ధం చేసిపెట్టుకున్న ‘విజయ్’ అనే పేరునే ‘విజయ’గా మార్చి నాకు పెట్టారు. చుట్టాలంతా దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. రావలసిన వాడు రాకపోతే నన్ను అతని స్థానంలో కూర్చోబెట్టారన్న సంగతి నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. రమణగారిని ఒకటి అడుగుతాను. కళాశాలలో మిమ్మల్ని బాధపెట్టింది పేరులోని అయోమయమా, లేక మిమ్మల్ని ఆడదానిగా లెక్కించడమా?

ఏలూరు రమణ:
నా బాధను మీ వాదానికి ఆయుధం చేసుకోకండి. పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి రోజూ నలుగురిలో వెక్కిరిస్తుంటే, అది ఏ సిద్ధాంతం కిందికి వస్తుందో విచారించుకునే తీరిక ఉంటుందా? నేను స్త్రీలను తక్కువ చేశానని మీరు ఎలా నిర్ణయించారు? నన్ను ఏడిపించినవాళ్ళను వదిలి నన్ను నిలదీస్తున్నారు.

నాగావళి:
ఏడిపించినవాళ్ళనే అడుగుతున్నానండీ, వాళ్ళు ఇక్కడ లేరు. ‘రమణమ్మ’ అన్నది తిట్టు ఎందుకయింది? అది తిట్టు కాని చోట మీ పేరుకు ఏ లోపమూ ఉండేది కాదు. మీరు మాత్రం ఆ తిట్టును అలాగే ఉంచి, పిల్లల పేర్లు మార్చమంటున్నారు.

వరంగల్ వనజ:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి, పేరు అడిగిన అమ్మాయి నెలలు నిండుతున్న మనిషి.

విజయనగరం వాసి:
ఆడపేరు మగవాడికి వెళ్ళదన్న మాట మా ఉత్తరాంధ్రకు వర్తించదు. పైడితల్లమ్మ పేరు మా దగ్గర మగవాళ్ళకూ పెడతారు. బొబ్బిలి నుంచి లోక్‌సభకు ఎన్నికైన కొండపల్లి పైడితల్లి నాయుడు గారిని ఎవరైనా వెక్కిరించగా మేము వినలేదు.

నాగావళి:
ఈ ఉదాహరణ చాలా బాగున్నది. శాతవాహన రాజు కూడా గౌతమీపుత్ర శాతకర్ణి అని తల్లి పేరుతోనే శాసనాలకెక్కాడు. అయినా ఒక మాట ఆలోచించండి. అమ్మవారి పేరు మగవాడికి మొక్కుగా వస్తుంది, గౌరవంగా వస్తుంది. మామూలు ఆడపేరుకు, అంటే ఒక నానమ్మ పేరుకు, ఆ గౌరవం దక్కుతుందా?

స్వాన్సీ మాస్టారు:
చర్చ ఎటు వెళ్ళినా నా మాట అక్కడే ఉన్నది. వేల్స్‌లో పెరగబోయే బిడ్డకు వెల్ష్ పేరు పెడుతున్నప్పుడు, ఆ భాష మాట్లాడేవారు దాన్ని ఎలా వాడుతున్నారో అదే ప్రమాణం కావాలి. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవారు వందకు పద్దెనిమిది మంది కూడా లేరు. అంత కష్టపడి నిలుపుకొంటున్న భాష పేరును అమెరికా అలవాటు చొప్పున వాడుకోవడం నాకు నచ్చదు.

కార్డిఫ్ కోడలు:
మాస్టారుగారి ఆవేదన నాకు అర్థమైంది. కానీ నేను ప్రసూతి వార్డులో పనిచేస్తాను. మోర్గన్ అనే ఆడపిల్లలను ఇక్కడే, వెల్ష్ మాట్లాడే తల్లుల చేతుల్లోనే చూశాను. ఆ తల్లులకు లేని అభ్యంతరం నాకు ఎందుకు?

నాగావళిగారి ప్రశ్న గురించి మావారూ నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాము. ఇక్కడ పుట్టిన నలభై రెండు రోజుల్లోపు పేరు నమోదు చేయించాలి. ‘మోర్గన్ తులసి’ అని రాయించాలని అనుకుంటున్నాము. తులసి మా అమ్మమ్మ పేరు. అమ్మాయి పుట్టినా అబ్బాయి పుట్టినా రెండు పేర్లూ ఉంటాయి.

ఏలూరు రమణ:
అబ్బాయికి తులసి అనా? అమ్మా, నాగావళిగారితో నాకు వంద తగవులు ఉండవచ్చు, అది వేరు. వాడు బడికి వెళ్ళే రోజును తలుచుకొని ఒక్కసారి ఆలోచించండి.

కార్డిఫ్ కోడలు:
ఆలోచించాము బాబాయిగారూ. కార్డిఫ్ బడిలో తులసి ఆడపేరో మగపేరో ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్న ఎదురయ్యేది సెలవులకు ఏలూరు వచ్చినప్పుడే. అప్పుడు అడిగినవాళ్ళకు అది మా అమ్మమ్మ పేరని నేనే చెబుతాను. మా అత్తగారితో ఈ రాత్రే మాట్లాడుతాను.