మెరుపుల ఫ్రేములు కలిపితే అది ఫోటోనా, పోస్టరా?

సీతానగరం కుర్రాడు:
అందరికీ నమస్తే. మొన్న రాత్రి ఇబ్రహీంపట్నం వైపు మబ్బు పట్టి మెరుపులు మొదలయ్యాయి. సీతానగరంలో మా అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్ కారిడార్‌లో ట్రైపాడ్ పెట్టి, ఒక్కో ఫ్రేము 15 సెకన్ల చొప్పున ముప్పావు గంట పాటు ఆపకుండా తీస్తూ పోయాను. చాలావాటిలో ఉత్త ఆకాశమే. నాలుగింటిలో మాత్రం పిడుగు పడింది. ఆ నాలుగూ ఫోటోషాప్‌లో లైటెన్ మోడ్‌లో (ప్రతి చోటా ఏ ఫ్రేములో వెలుగు ఎక్కువుంటే దాన్నే ఉంచేది) కలిపితే కుడి అంచున బ్యారేజీ దీపాలు, దుర్గమ్మ కొండ, నది మీద వరసగా నాలుగు పిడుగులు. చూసినవాళ్ళంతా అదుర్స్ అన్నారు. మా ఫోటో గ్రూపులో ఒక పెద్దాయన మాత్రం "ఇది ఫోటో కాదు బాబూ, పోస్టర్" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. కెమెరా కొత్త, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. కలపడం తప్పంటారా?

వన్‌టౌన్ రీలు:
పెద్దాయన మర్యాదగా చెప్పారు. ఆ నాలుగు పిడుగులు ఒక్కసారి పడ్డాయా? లేదు. చూసినవాడు ఏమనుకుంటాడు? పడ్డాయనే అనుకుంటాడు. పైగా అమ్మవారి కొండ ఉన్న ఫోటో. కింద ఏమీ రాయకుండా వదిలావంటే తెల్లారేసరికి 'ఇంద్రకీలాద్రి మీద పిడుగుల వర్షం' అని ప్రతి ఫ్యామిలీ గ్రూపులోనూ తిరుగుతుంది. తర్వాత ఎంత మొత్తుకున్నా వినేవాడు ఉండడు.

పటమట ఇంజనీరు:
రీలు అన్నా, ఒక డౌటు. ఇతనే షట్టర్ నిమిషం పాటు తెరిచి ఉంచి, ఆ నిమిషంలో నాలుగు పిడుగులు పడి ఉంటే? అప్పుడు కలిపింది కెమెరా లోపల వెలుగుని పట్టే సెన్సర్. అదేమో ఫోటో, ఇదేమో పోస్టరా?

అసలు సంగతి వేరే ఉంది. మెరుపు వెలుగుకి షట్టర్ టైముతో పని లేదు. ఒక మెరుపు మామూలుగా అర సెకను కూడా ఉండదు. 5 సెకన్లు తెరిచినా 30 సెకన్లు తెరిచినా ఫ్రేములో అంతే వెలుగుతో పడుతుంది. దాన్ని పెంచేవీ తగ్గించేవీ అపెర్చర్ (లెన్స్ రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది), ఐఎస్ఓ (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె). షట్టర్ టైము పెంచితే పెరిగేది ఊరి దీపాల వెలుగే. కొండవీడు వైపు చీకట్లో అయితే 30 సెకన్లు నిశ్చింతగా తెరుచుకోవచ్చు. బెజవాడలో నిమిషం తెరిస్తే బ్యారేజీ దీపాలు తెల్లటి ముద్దలైపోతాయి, మబ్బంతా వెలిసిపోతుంది. అందుకని ముక్కలు ముక్కలుగా తీసి కలుపుతారు. ఊళ్ళో ఉండేవాడికి ఇంతకంటే దారేది?

వన్‌టౌన్ రీలు:
నిమిషం వేరు, ముప్పావు గంట వేరు బ్రదర్. ముప్పావు గంటలో మబ్బు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్ళిపోతుంది? ఆ ఫోటోని జూమ్ చేసి చూడండి. మబ్బు అంచు ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి నాలుగున్నాయి. బ్యారేజీ మీద బండ్ల వెనక లైట్ల గీతలు కూడా అంతే, రోడ్డు మొత్తం ఒకటే ఎర్ర తాడు. 1882లో ఫిలడెల్ఫియాలో విలియం జెన్నింగ్స్ మెరుపుని గాజు ప్లేటు మీదికి ఎక్కించింది ఎందుకనుకున్నారు? చిత్రకారులు దాన్ని జిగ్‌జాగ్ గీతలా వేస్తుంటే, అసలు రూపం ఇదీ అని చూపించడానికి. సాక్ష్యంగా పుట్టినదాన్ని మళ్ళీ బొమ్మగా మార్చడం నాకు నచ్చదు.

భవానీపురం మొబైల్:
ఇంత తిప్పలెందుకు, ఫోన్‌లో వీడియో తీసి మెరుపున్న ఫ్రేము లాగేస్తే సరి.

పటమట ఇంజనీరు:
లాగి చూడండి మరి. ఫోన్ సెన్సర్ ఫ్రేముని పైనుంచి కిందికి వరసలుగా చదువుతుంది. ఈలోపు మెరుపు వచ్చి పోతుంది. సగం ఫ్రేము తెల్లగా, సగం నల్లగా అడ్డంగా కోసినట్టు వస్తుంది చాలాసార్లు. దానికన్నా ఫోన్‌ని కదలకుండా నిలబెట్టి ప్రో మోడ్‌లో 10 సెకన్లు పెట్టుకోవడం మేలు.

అరండల్‌పేట అక్క:
తమ్ముడూ, పోస్టరా ఫోటోనా అన్నది తర్వాత చూద్దాం. ఆ నాలుగు ఫ్రేములూ కలపకుండా, తీసిన వరసలో ఒక్కొక్కటీ ఎలా ఉన్నాయో చెప్పు. మధ్యలో సెట్టింగులు మార్చావా?

సీతానగరం కుర్రాడు:
మార్చలేదక్కా. ఐఎస్ఓ 100, ఎఫ్ 5.6, అంతే. మొదటిది దూరంగా దారప్పోగులా ఉంది. రెండోదీ మూడోదీ బాగా వచ్చాయి, మూడోదాంట్లో కొమ్మలన్నీ లెక్కపెట్టొచ్చు. నాలుగోది లావుగా, పూర్తిగా తెల్లగా కాలిపోయింది. కలిపేటప్పుడు దాని ఒపాసిటీ తగ్గించాను, అంటే కాస్త పలచగా కనిపించేలా చేశాను.

అరండల్‌పేట అక్క:
అదీ సంగతి. సెట్టింగులు మారకుండా పిడుగు లావెక్కుతోందంటే చాలావరకు అది దగ్గరికొస్తోందనే అర్థం. నాలుగోది పడేసరికి నువ్వు కారిడార్‌లో ఉండకూడదు. విడిగా చూస్తే ఫోటోలే ఆ మాట చెబుతున్నాయి. నువ్వేమో వాటిని కలిపేసి, ఒపాసిటీ తగ్గించి, నోరు నొక్కేశావు. నేర్చుకునేవాళ్ళు కలపొద్దు అని నేననేది ఇందుకే. నిజం, అబద్ధం సంగతి రీలు గారు చూసుకుంటారు.

శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు 3 సెకన్లు. మెరిశాక 30 అంకెలు లెక్కపెట్టేలోపే ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపే పడినట్టు. ఇక లోపలికి వెళ్ళిపోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. గ్రిల్ ఉన్నా సరే, తెరిచి ఉన్న కారిడార్ లోపలి కింద లెక్క కాదు. డాబా మాట అసలే వద్దు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళ దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే చుట్టుపక్కల మెరుపులు ఎంత దూరంలో ఉన్నాయో చూపిస్తుంది. ఇక ఇనుప ట్రైపాడ్ పిడుగుని లాగుతుందని భయపడి కార్బన్‌ది కొనేవాళ్ళు ఉన్నారు. పిడుగు ఎక్కువగా వెతుక్కునేది ఎత్తుని, చుట్టూ ఏమీ లేకుండా ఒంటరిగా నిలబడ్డదాన్ని. డాబా మీద నిలబడ్డవాణ్ణి ఏ ట్రైపాడూ కాపాడదు.

పటమట ఇంజనీరు:
అక్కయ్య మాటకి ఎదురు లేదు. కాకపోతే అది కలపడం మీద ఫిర్యాదు కాదు, చూడకుండా కలపడం మీద. తమ్ముడూ, మూసిన కిటికీ అద్దం వెనకాల గదిలో లైట్లు ఆర్పి, లెన్స్‌ని అద్దానికి దగ్గరగా పెట్టు. వరసగా తనంతట తానే తీసుకుపోయే ఇంటర్వెల్ టైమర్‌కి వదిలేసి కిటికీకి దూరంగా కూర్చో. ఫోకస్ ఆటోలో వద్దు, చీకట్లో అటూ ఇటూ తడుముకుంటుంది. బ్యారేజీ దీపాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి, చుక్కలా కనిపించేదాకా తిప్పి మాన్యువల్‌లో వదిలెయ్. పిడుగులు దగ్గరైతే ఎఫ్ 8, 11. ఇంకొకటి, ప్రతి ఫ్రేము తర్వాత కెమెరా ఇంకో 15 సెకన్లు 'బిజీ' అంటోందా?

సీతానగరం కుర్రాడు:
అవునన్నా! కార్డు స్లో అనుకున్నా.

పటమట ఇంజనీరు:
కార్డు కాదు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువ సేపు తీసిన ఫ్రేములో చుక్కల మచ్చలు తగ్గించే సెట్టింగు) ఆన్‌లో ఉంది. షట్టర్ మూసి అంతే సేపు ఇంకో నల్ల ఫ్రేము తీసుకుంటుంది. అంటే సగం టైము నీ కెమెరా కళ్ళు మూసుకునే ఉంది. ఆఫ్ చెయ్.

వన్‌టౌన్ రీలు:
కింద 'నాలుగు ఫ్రేములు కలిపినది, ఇంత సేపట్లో తీసినవి' అని రాస్తే నాకు పేచీ లేదు. కానీ పోటీకి పంపితే మాత్రం కాంపోజిట్ (కలిపి చేసిన ఫోటోల) కేటగిరీలోనే పంపాలి, అక్కడ తగ్గేది లేదు. ముందు ఆ మూడో ఫ్రేము ఒక్కటీ ఇక్కడ పెట్టు, కొమ్మలు చూద్దాం.