శాటిలైట్ ఫొటోలో గుంత, కాంటూర్లలో దిబ్బ. ఏది నమ్మాలి?

ఇసుకదారి:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండున్నర. తల పగిలిపోతోంది. ఉల్కాబిలాల (ఆకాశం నుంచి రాళ్ళు పడి ఏర్పడిన గుంతల) కోసం మూడు నెలలుగా శాటిలైట్ ఫొటోలు జల్లెడ పడుతున్నాను. మొన్న ఒకటి దొరికింది. గీసినట్టు గుండ్రంగా ఉంది, అంచు లేచి ఉంది, లోపల నీడ పడి ఉంది. ఎవరు చూసినా గుంతే అంటారు. నిర్ధారణ అయిన బిలాల జాబితాలో ఆ చోటు లేదు. ఎత్తులు కూడా చూద్దామని ఎస్‌ఆర్‌టీఎం డేటా (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు) దించుకుని క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో వేశాను. కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, గీస్తే మధ్యకి పోయేకొద్దీ అంకెలు పెరుగుతున్నాయి! హిల్‌షేడ్ (ఎత్తుల లెక్కతో వెలుగునీడలు వేసి చూపే బొమ్మ) వేస్తే నలుపు తెలుపు మచ్చలు తప్ప ఏమీ కనబడదు. డేటా రెండుసార్లు మళ్ళీ దించాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను. అదే వరస. ఎస్‌ఆర్‌టీఎంలో ఇలాంటి తప్పులుంటాయా?

రాయీరప్పా:
లాట్ లాంగ్ (అక్షాంశం, రేఖాంశం) పెట్టండి.

ఇసుకదారి:
ఇప్పుడే పెట్టలేనండి. మూడు నెలల కష్టం. అది లేకుండా చెప్పగలిగితే చెప్పండి.

రాయీరప్పా:
వెడల్పెంత? ఫొటో ఏ నెలది? భూమధ్యరేఖకి ఏ పక్క? ఇవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

మాటమూలం:
ముందు ఆ పేరు సరిచేసుకోండి. ఉల్క అంటే ఆకాశంలో కనబడే వెలుగు గీత. నేలకి చేరింది ఉల్కాశిల. పెద్ద గుంతలు చేసినవి గ్రహశకలాలో తోకచుక్కలో. కాబట్టి 'ఉల్కాబిలం' అన్నమాటే తప్పు, 'అభిఘాత బిలం', అంటే ఢీకొన్న దెబ్బకి పడిన గుంత, అనాలి. ఆ 'బిలం' కూడా నాకు ఒప్పదు. బిలం అంటే లోపలికి పోయే కన్నం, పాముండే చోటు. మహారాష్ట్రలో అలా ఏర్పడిన లోనార్ దాదాపు 1.8 కిలోమీటర్ల వెడల్పు, లోతు చూస్తే 150 మీటర్ల లెక్క. అంత వెడల్పాటి పళ్ళాన్ని బిలం అని ఎలా అంటాం?

ఇసుకదారి:
వెడల్పు 3.5 కి.మీ. ఎడారి. ఉత్తర అక్షాంశం 31 దగ్గర. ఫొటో జనవరిది. ఇవి అవసరమనుకోలేదు.

పటాలపెట్టె:
అవసరమే, జవాబంతా అందులోనే ఉందండి. శాటిలైట్లు ఎక్కువగా పొద్దున పదీ పదిన్నర మధ్య ఫొటో తీస్తాయి. జనవరిలో 31 డిగ్రీల దగ్గర అప్పటికి సూర్యుడు ఆగ్నేయంలో, కిందుగా ఉంటాడు. ఉత్తరం పైకి పెట్టి చూస్తే వెలుగు కింద కుడి మూల నుంచి వస్తున్నట్టు. మన కన్ను మాత్రం వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందనుకుంటుంది. అందుకే కింద కుడివైపు మెరిసి, పైన ఎడమవైపు నీడ ఉన్న దిబ్బ మనకి గుంతలా కనబడుతుంది. నేనూ మొదట్లో ఇలాంటివి నాలుగైదు 'కనిపెట్టి' రాత్రుళ్ళు నిద్రపోలేదు.

ఫొటోని 180 డిగ్రీలు తిప్పి చూడండి. చెట్టో గోడో కనబడితే దాని నీడ ఎటు పడిందో చూడండి. అన్నిటికన్నా నమ్మకమైనది వాగుల గీతలు: గుంతయితే నీళ్ళు అంచు నుంచి లోపలికి వచ్చి మధ్యలో చేరతాయి, దిబ్బయితే మధ్య నుంచి బయటికి విడిపోతూ పోతాయి.

ఎస్‌ఆర్‌టీఎంలో కొన్ని మీటర్ల తేడా మామూలే. మీ మధ్య భాగం అంచు కన్నా ఎంత ఎత్తు?

ఇసుకదారి:
60 మీటర్లు.

పటాలపెట్టె:
అయితే అది డేటా తప్పు కాదు. ఇంత పద్ధతిగా గుండ్రంగా తప్పు రాదు.

రాయీరప్పా:
హిల్‌షేడ్ మచ్చలకి కారణం వేరు. డేటా అడ్డంగా డిగ్రీల్లో, నిలువుగా మీటర్లలో ఉంది. ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కి.మీ. సాఫ్ట్‌వేర్ దాన్ని ఒక మీటరనుకుంటుంది, ప్రతి వాలూ నిట్టనిలువు గోడైపోతుంది. మీ చోటుకి సరిపడే యూటీఎం జోన్‌లోకి (దూరాలన్నీ మీటర్లలో ఉండే పటం పద్ధతి) రీప్రొజెక్ట్ చేసి, అంటే మార్చి, వేయండి. అలా మార్చేటప్పుడు ఎత్తులు మళ్ళీ లెక్కగట్టే పద్ధతి (రీశాంప్లింగ్) 'నియరెస్ట్' పెట్టొద్దు, చారలు వస్తాయి. బైలీనియర్ పెట్టండి.

సూక్ష్మదర్శిని:
గుండ్రంగా ఉంటే చాలు బిలం అనేస్తున్నారు, ఇది నాకు నిజంగా బాధ. మారిటేనియాలో రిషాత్ 40 కిలోమీటర్ల వలయం, దాన్నీ ఒకప్పుడు అభిఘాతమే అనుకున్నారు. అక్కడి రాళ్ళలో షాక్ గుర్తులే (ఢీకొన్న దెబ్బ రాళ్ళలో వదిలే మార్పులు) లేవు, అది పైకి ఉబ్బి అరిగిపోయిన రాతిపొరల గుమ్మటం. ఆరిజోనా బిలం విషయంలో వాదన తేలింది ఆకారంతో కాదు. 1960లో చావో, షూమేకర్ మొదలైన శాస్త్రవేత్తలు అక్కడి రాయిలో కోయెసైట్ (విపరీతమైన ఒత్తిడిలో ఏర్పడే ఖనిజం) చూపించాక. షాటర్ కోన్లో (దెబ్బకి రాయిలో పడే శంకువు ఆకారపు పగుళ్ళు), క్వార్ట్జ్‌లో సన్నని సమాంతర గీతలో చూపించలేకపోతే అది వట్టి వలయమే.

పటాలపెట్టె:
నిజమే, కానీ వెతుకులాట పటాలతోనే మొదలవుతుంది కదండీ. ఈజిప్టులో 45 మీటర్ల కమిల్ బిలాన్ని విన్‌చెంజో డె మికేలె 2008లో గూగుల్ ఎర్త్‌లోనే చూశారు. తర్వాత మనుషులు వెళ్ళి చుట్టూ ఇనుప ముక్కలు ఏరారు. 30 మీటర్ల ఎస్‌ఆర్‌టీఎంలో అది అడ్డంగా ఒకటి రెండు చుక్కలే.

ఇసుకదారి:
అంటే దిబ్బ అయితే ఇక వదిలేసుకోవడమేనా?

పటాలపెట్టె:
తొందరపడొద్దు. ఆస్ట్రేలియాలో గాసెస్ బ్లఫ్ అని 5 కిలోమీటర్ల కొండల వలయం ఉంది. అది బిలం అంచు కాదు, దాదాపు 22 కిలోమీటర్ల బిలానికి మధ్యలో పైకి లేచిన భాగం. 14 కోట్ల ఏళ్ళలో బయటి అంచు అరిగిపోయి, గట్టి రాయి మిగిలింది. అసలు పాతవాటిలో గుంత వెతకడమే పొరపాటు. మీరు 3.5 కి.మీ. దగ్గరే ఆగకుండా చుట్టూ 20 కి.మీ. దాకా చూడండి, ఇంకో వలయం జాడ ఉందేమో.

సూక్ష్మదర్శిని:
ఆయనకి లేని ఆశ కల్పించకండి. ఎడారుల్లో అలాంటి దిబ్బల్లో ఎక్కువభాగం అడుగు నుంచి పైకి చొచ్చుకొచ్చిన గ్రానైటో, ఉప్పు గుమ్మటాలో.

మాటమూలం:
దిబ్బని బిలం అనడం మరీ విడ్డూరం. 'అభిఘాత నిర్మాణం' అంటే రెండూ ఇముడుతాయి.

రాయీరప్పా:
ఈ ఒక్కటి ఒప్పుకుంటాను.

ఇసుకదారి:
తిప్పి చూశాను. దిబ్బే. వాగుల గీతలు మధ్య నుంచి బయటికే పోతున్నాయి, అంచు దాటాక వెడల్పై ఇసుకలో కలిసిపోతున్నాయి. ఇన్ని రోజులూ అవి కళ్ళెదుటే ఉన్నాయి. యూటీఎంలో హిల్‌షేడ్ కూడా శుభ్రంగా వచ్చింది.

పటాలపెట్టె:
మంచిది. జియాలజీ మ్యాప్‌లో అక్కడ ఏ రాయని రాశారు? పొరలు ఎటు వాలి ఉన్నాయి?

ఇసుకదారి:
పొద్దున చూసి చెప్తాను. థాంక్సండీ.